ఒక బాక్సు, రెండు టీవీలు: వైరు అనుమతి అడగడం ఎప్పుడు మొదలుపెట్టింది?

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న ఇంటి సమస్యతో మొదలుపెడదాం. హాల్లో పెద్ద టీవీ ఉంది, దానికి హోమ్ థియేటర్ ఉంది. బెడ్‌రూమ్‌లో ఇంకో చిన్న టీవీ ఉంది. బాక్సు మాత్రం ఒక్కటే. ఆ ఒక్క బాక్సు నుంచి బొమ్మ రెండు టీవీల్లోనూ రావాలి, హాల్లో సౌండ్ హోమ్ థియేటర్‌లోంచి రావాలి. మనం అడిగేది ఇంతే.

సరే అని ఆన్‌లైన్‌లో ఒక చవక హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ కొంటాం. పెట్టాక తరచుగా ఈ మూడింట్లో ఏదో ఒకటి జరుగుతుంది. రెండు టీవీల్లోనూ నల్ల స్క్రీన్ వస్తుంది. లేదా బొమ్మ వస్తుంది కానీ 4కే టీవీలో కూడా మామూలు హెచ్‌డీయే కనిపిస్తుంది. లేదా హోమ్ థియేటర్‌లో వెనక స్పీకర్లు మూగబోతాయి, ముందు రెండే మోగుతాయి.

ఇప్పుడు మీ నాన్నగారినో, బాబాయినో అడిగి చూడండి. 1990ల్లో, కేబుల్ కనెక్షన్ రోజుల్లో, రెండో టీవీకి ఎలా ఇచ్చుకున్నారని. "ఏముంది రా, స్ప్లిటర్ పెట్టి వైరు లాగాం" అంటారు. అంతే. పది నిమిషాల పని.

మరి 30 ఏళ్ల కింద పది నిమిషాల్లో అయిన పని ఇవాళ ఎందుకు తలనొప్పి అయింది? టెక్నాలజీ పెరిగితే పని తేలికవ్వాలి కదా? దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు పాత వైరు సంగతి. మన దేశంలో 1982లో దూరదర్శన్ కలర్‌లోకి వచ్చింది. ఆ ఏడాది చివర్లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ చాలామంది కలర్‌లో చూశారు. 1991లో స్టార్ టీవీ శాటిలైట్ ప్రసారాలు వచ్చాయి, ఆ తర్వాత వీధివీధికీ కేబుల్ వచ్చింది. 1995లో ఈటీవీ, జెమిని మొదలయ్యాయి. ఈ కాలమంతా టీవీకి వచ్చే సిగ్నల్‌కి ఒక గుణం ఉంది. అది ఒకవైపే ప్రవహిస్తుంది, కాలవలో నీళ్లలాగా. అవతల ఉన్నది ఏ టీవీయో, ఎన్ని టీవీలో దానికి తెలియదు. తెలుసుకునే దారీ లేదు.

వైరుని రెండుగా చీలిస్తే ఒక్కో టీవీకి సుమారు సగం బలమే అందుతుంది. బొమ్మ మీద చుక్కలు చుక్కలుగా వస్తాయి. అప్పుడు కేబుల్ అతను వచ్చి బూస్టర్ పెట్టేవాడు, సరిపోయేది. అంటే సిగ్నల్ బలహీనపడేది కానీ "నేను రాను" అని మొండికేసేది కాదు.

వీసీఆర్ కూడా అంతే. దాని వెనక మామూలుగా రెండు రకాల అవుట్‌పుట్‌లు ఉండేవి. ఒకటి ఏవీ అవుట్‌పుట్. మన ఇళ్లలో పసుపు, ఎరుపు, తెలుపు రంగుల్లో చూసిన ఆ గుండ్రటి పిన్నులే. వాటిని ఆర్‌సీఏ అంటారు, అమెరికాలో అదే పేరున్న రేడియో కంపెనీ నుంచి వచ్చిన పేరు. రెండోది యాంటెనా వైరులో వెళ్లే అవుట్‌పుట్. ఒక టీవీకి ఏవీ వైరు, ఇంకో టీవీకి యాంటెనా వైరు పెడితే ఒకే క్యాసెట్ రెండు గదుల్లో ఆడేది. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఇప్పుడు సౌండ్ దగ్గరకి వద్దాం, ఎందుకంటే హోమ్ థియేటర్ అంటే సగం పైగా సౌండే. డాల్బీ అన్న పేరు మీ ఫోన్‌లోనే ఉండి ఉంటుంది. అది ఒక మనిషి పేరు, రే డాల్బీ. చదువుకునే రోజుల్లోనే ఆయన అమెరికాలో ఆంపెక్స్ కంపెనీలో పనిచేశాడు. 1956లో ఆ కంపెనీ తెచ్చిన వీడియో టేప్ రికార్డర్ తయారీలో ఆయన చెయ్యి ఉంది. తర్వాత 1963 నుంచి 1965 దాకా ఆయన మన దేశంలోనే ఉన్నాడు. ఐక్యరాజ్యసమితి తరఫున సలహాదారుగా వచ్చి, చండీగఢ్‌లో సైంటిఫిక్ పరికరాల సంస్థకి సాయం చేశాడు. ఇక్కడి నుంచి వెళ్లి 1965లో లండన్‌లో డాల్బీ లేబొరేటరీస్ పెట్టాడు.

1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాతో డాల్బీ స్టీరియో థియేటర్లలో పేరు తెచ్చుకుంది. దాని లోపలి కిటుకు ఇవాళ్టి మన కథకి చాలా ముఖ్యం, జాగ్రత్తగా వినండి. ఎడమ, కుడి, మధ్య, వెనక, ఈ నాలుగు సౌండ్‌లనీ కలిపి రెండే ట్రాకుల్లో ఇమిడ్చేవాళ్లు. దీన్నే ఇంట్లోకి తెచ్చి 1982లో డాల్బీ సరౌండ్ అన్నారు, 1987లో డాల్బీ ప్రో లాజిక్ వచ్చింది.

దీనివల్ల ఏమైందంటే, అదే ఎరుపు, తెలుపు వైర్లలో సరౌండ్ సౌండ్ కూడా వెళ్లిపోయేది. అవతల డీకోడర్ ఉన్న యాంప్లిఫైయర్ ఉంటే అది నాలుగు సౌండ్‌లని విడదీసి వినిపిస్తుంది. మామూలు టీవీ ఉంటే రెండు స్పీకర్లలో స్టీరియో వినిపిస్తుంది. ఒక్క స్పీకరే ఉన్నా సినిమా వినిపిస్తుంది. అంటే ఒకే సిగ్నల్‌ని ఎవరి చేతనైనంత వాళ్లు తీసుకుంటారు. పెద్దవాడి కోసం చిన్నవాడు ఆగక్కర్లేదు, చిన్నవాడి కోసం పెద్దవాడు తగ్గక్కర్లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనికి మళ్లీ వద్దాం.

ఇంత బాగా నడుస్తున్న వ్యవహారంలోకి భయం ఎక్కడి నుంచి వచ్చింది? రికార్డింగ్ నుంచి.

1975లో సోనీ బీటామ్యాక్స్ తెచ్చింది, 1976లో జేవీసీ వీహెచ్ఎస్ తెచ్చింది. టీవీలో వచ్చే సినిమాని జనం ఇంట్లో రికార్డ్ చేసుకోవడం మొదలుపెట్టారు. హాలీవుడ్‌కి గుండెల్లో రాయి పడింది. యూనివర్సల్, డిస్నీ కలిసి 1976లో సోనీ మీద కేసు వేశాయి. ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1984 జనవరిలో తీర్పు వచ్చింది, ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డ్ చేసుకోవడం తప్పు కాదు, అలాంటి మెషిన్ అమ్మినందుకు సోనీని పట్టుకోలేం అని కోర్టు చెప్పింది. ఒక్క ఓటు తేడా. ఆ ఒక్క ఓటు అటు పడి ఉంటే వీసీఆర్ చరిత్రే వేరేగా ఉండేది.

ఇక్కడ సినిమావాళ్ల బాధని మనం తేలిగ్గా తీసేయకూడదు. కోట్లు పెట్టి తీసిన సినిమా దొంగ క్యాసెట్‌గా వీధిలోకొస్తే నిర్మాత ఏమవుతాడు? వీడియో పైరసీ దెబ్బ మన తెలుగు నిర్మాతలకీ తెలియనిది కాదు. భయం నిజమైనదే. కాకపోతే కోర్టులో మెషిన్‌ని ఆపలేకపోయాక, తాళాన్ని ఆ క్యాసెట్‌లోనే, ఆ సిగ్నల్‌లోనే పెట్టే దారి వెతికారు. మన కథ మలుపు తిరిగింది ఇక్కడే.

మొదటి తాళం పేరు మ్యాక్రోవిజన్, 1980ల్లో వచ్చింది. టీవీ బొమ్మలో మన కంటికి కనపడని కొన్ని గీతలు ఉంటాయి, ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ మధ్య ఖాళీలో. ఆ ఖాళీలో కావాలని పిచ్చి సిగ్నళ్లు కలిపేవాళ్లు. టీవీ వాటిని పట్టించుకోదు. కానీ రికార్డ్ చేసే వీసీఆర్ వాటిని చూసి, బొమ్మ వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, మళ్లీ పెంచుతుంది. దాంతో కాపీ చేసిన క్యాసెట్‌లో బొమ్మ ఒకసారి వెలుగు, ఒకసారి చీకటి.

తెలివైన ఐడియానే. కానీ తర్వాత డీవీడీ ప్లేయర్లు వచ్చాక ఒక తమాషా జరిగింది. కొన్ని పాత టీవీలకి యాంటెనా సాకెట్ తప్ప వేరే దారి లేదు. అందుకని కొంతమంది డీవీడీ ప్లేయర్‌ని వీసీఆర్‌కి, వీసీఆర్‌ని టీవీకి కలిపేవాళ్లు. రికార్డింగ్ ఏమీ చేయట్లేదు, ఊరికే చూస్తున్నారు. అయినా బొమ్మ వెలుగుతూ ఆరుతూ వచ్చేది. తాళానికి దొంగ ఎవరో, ఇంటివాడు ఎవరో తెలియదు. మధ్యలో ఇంకో డబ్బా కనిపిస్తే చాలు, అనుమానమే. ఇప్పుడు మీ స్ప్లిటర్ దగ్గర జరిగేది కూడా అచ్చం ఇదే.

డిజిటల్ వచ్చాక భయం ఇంకా పెరిగింది. క్యాసెట్‌ని కాపీ చేస్తే క్వాలిటీ తగ్గుతుంది, కాపీకి కాపీ తీస్తే ఇంకా తగ్గుతుంది. డిజిటల్‌లో అలా కాదు, వందో కాపీ కూడా మొదటి కాపీలాగే ఉంటుంది. 1996లో జపాన్‌లో మొదటి డీవీడీ ప్లేయర్లు అమ్మకానికి వచ్చాయి. డిస్కులకి సీఎస్ఎస్ అనే తాళం వేశారు. 1999లో ఆ తాళం తీసే ప్రోగ్రామ్ బయటికొచ్చింది. దాని వెనక ఉన్నవాళ్లలో నార్వేకి చెందిన జాన్ లెక్ జొహాన్సెన్ ఒకడు, అప్పటికి పదిహేనేళ్ల కుర్రాడు. అతని మీద కేసు పెట్టారు, 2003లో కోర్టు నిర్దోషి అని వదిలేసింది.

డిస్కుకి తాళం వేస్తే సరిపోదు, వైరుకి కూడా వేయాలి అన్న ఆలోచన ఆ రోజుల్లోనే రూపం దిద్దుకుంది. ఇంటెల్ కంపెనీ 2000లో హెచ్‌డీసీపీ అనే పద్ధతి తెచ్చింది. 2002 డిసెంబర్‌లో హిటాచీ, మత్సుషితా అంటే ఇవాళ్టి పానాసోనిక్, ఫిలిప్స్, సిలికాన్ ఇమేజ్, సోనీ, థామ్సన్, తోషిబా, ఈ ఏడు కంపెనీలు కలిసి హెచ్‌డీఎంఐ తెచ్చాయి. బొమ్మ, సౌండ్ రెండూ ఒకే వైరులో. నిజంగా మంచి పని, వెనకాల ఏడెనిమిది వైర్ల చిక్కుముడి పోయింది. కానీ ఈ వైరు పాత వైరులాగా ఒకవైపు కాలవ కాదు. ఇది ఫోన్ కాల్ లాంటిది. రెండు వైపులా మాట్లాడుకుంటారు.

ఏం మాట్లాడుకుంటారంటే, మీరు వైరు పెట్టగానే బాక్సు టీవీని అడుగుతుంది, "నువ్వు ఎంత రిజల్యూషన్ చూపించగలవు? ఎన్ని చానెళ్ల సౌండ్ తీసుకోగలవు?" టీవీ తన వివరాల చిట్టా పంపిస్తుంది. దాన్ని ఈడీఐడీ అంటారు, 1990ల్లో కంప్యూటర్ మానిటర్ల కోసం పుట్టింది. తర్వాత రెండో ప్రశ్న, "నీ దగ్గర తాళంచెవి ఉందా?" మొదటి తరం హెచ్‌డీసీపీలో ప్రతి పరికరానికీ 40 రహస్య తాళంచెవులు ఉంటాయి. అవి కుదిరితేనే బొమ్మ వదులుతుంది. కుదిరాక కూడా ఊరుకోదు, సుమారు రెండు సెకన్లకోసారి సరిచూసుకుంటూనే ఉంటుంది.

ఇప్పుడు మన స్ప్లిటర్‌ని మధ్యలో పెట్టండి. ఫోన్ కాల్‌లో అవతల ఇద్దరు ఉన్నారు, ఇద్దరూ వేర్వేరు జవాబులు చెప్తున్నారు. ఒకడు 4కే, 5.1 అంటాడు. ఇంకొకడు ఉత్త హెచ్‌డీ, రెండు స్పీకర్లు అంటాడు. బాక్సు నుంచి బయటికి వెళ్లే సిగ్నల్ ఒక్కటే కాబట్టి, చాలా స్ప్లిటర్లు ఇద్దరికీ కుదిరే తక్కువ దాన్నే అడుగుతాయి. అందుకే హాల్లో వెనక స్పీకర్లు మూగబోయాయి. వాటిని మూగబెట్టింది బెడ్‌రూమ్‌లో ఉన్న చిన్న టీవీ.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. 1980ల డాల్బీ సిగ్నల్‌లో ఎవరి చేతనైనంత వాళ్లు తీసుకునేవాళ్లు. హెచ్‌డీఎంఐలో అందరూ చిన్నవాడి స్థాయికి దిగాలి.

ఇక తాళం సంగతి. రెండు టీవీల్లో ఒకదానికి సరైన తాళంచెవి లేకపోతే ఆ టీవీకి బొమ్మ రాదు. కొన్ని స్ప్లిటర్లతో అయితే రెండింటికీ పోతుంది. మధ్యలో ఉన్న స్ప్లిటర్, యాంప్లిఫైయర్ కూడా తమ వెనక ఎన్ని పరికరాలున్నాయో లెక్క చెప్పాలి. మొదటి తరం రూల్ ప్రకారం 127 పరికరాలు, ఏడు అంచెల వరకే. మన ఇంట్లో అన్ని ఉండవు, కానీ సంగతి అర్థమైంది కదా? మన ఇంట్లో ఎన్ని తెరలున్నాయో లెక్కపెట్టే హక్కు వైరుకి వచ్చింది.

2010 సెప్టెంబర్‌లో ఈ హెచ్‌డీసీపీ అసలు తాళంచెవి ఇంటర్నెట్‌లోకి లీక్ అయింది. అది నిజమైనదేనని ఇంటెల్ ఒప్పుకుంది. అంటే కాపీ చేయాలనుకున్నవాడికి దారి దొరికింది. మామూలు ఇంటి తలుపుకి మాత్రం తాళం అలాగే ఉంది. 4కే వచ్చేసరికి హెచ్‌డీసీపీ 2.2 అని కొత్త తాళం తెచ్చారు. దాంతో అంతకుముందు వేలకి వేలు పోసి హోమ్ థియేటర్ యాంప్లిఫైయర్ కొన్నవాళ్లు ఇరుక్కున్నారు. యాంప్లిఫైయర్ చెడిపోలేదు, స్పీకర్లు చెడిపోలేదు. కొత్త తాళంచెవి లేదు కాబట్టి 4కే సినిమా దాని గుండా వెళ్లదు, అంతే.

మన దగ్గర కేబుల్‌లో కూడా ఇదే మార్పు వేరే దారిలో వచ్చింది. 2011లో చట్టం మార్చి కేబుల్‌ని డిజిటల్ చేయడం మొదలుపెట్టారు. ముందు మెట్రో నగరాలు, తర్వాత 2013 మార్చి 31 గడువుతో హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాలు, అలా 2017 దాకా మిగతా ఊళ్లు. దీనికి కారణాలు ఉన్నాయి. చానెళ్లు పెరిగాయి, బొమ్మ బాగుపడింది, ఎన్ని ఇళ్లకి కనెక్షన్ ఉందో సరైన లెక్క తేలింది. కానీ స్ప్లిటర్ రోజులు పోయాయి. రెండో టీవీలో వేరే చానెల్ చూడాలంటే రెండో బాక్సు, దానికి మళ్లీ డబ్బు. 2019లో నెట్‌వర్క్ ఫీజు మొదటి వంద చానెళ్లకి పన్నులు కాకుండా 130 రూపాయలు అని ట్రాయ్ పరిమితి పెట్టింది. 2020 జనవరిలో, అదే ఇంట్లో రెండో టీవీకి ఆ ఫీజులో 40 శాతం మించి తీసుకోవద్దని చెప్పింది. ఒక ఇంట్లో రెండో టీవీకి ఎంత కట్టాలో ఒక రెగ్యులేటర్ కూర్చుని తేల్చాల్సి వచ్చిందంటే, మనం ఆ పది నిమిషాల స్ప్లిటర్ నుంచి ఎంత దూరం వచ్చామో చూడండి.

సరే, చరిత్ర విన్నాం. మరి ఇవాళ మన ఇంట్లో ఏం చేయాలి? ఈ చరిత్ర తెలిస్తే జవాబు దానంతట అదే వస్తుంది.

ఒకటి. రెండు టీవీల్లోనూ ఒకే బొమ్మ కావాలంటే, రెండూ ఒకే స్థాయివి అయితే గొడవ చాలావరకు తగ్గుతుంది. ఒకటి 4కే, ఒకటి మామూలు హెచ్‌డీ అయితే, తేడాని తనే సర్దే స్ప్లిటర్ కావాలి. అంటే రెండో టీవీకి మాత్రమే రిజల్యూషన్ తగ్గించి పంపేది. కొనేటప్పుడు ఈడీఐడీ సెట్టింగ్ ఉందా, హెచ్‌డీసీపీ 2.2 ఉందా అని చూడండి. చవక వాటిలో చాలావరకు ఇవే ఉండవు.

రెండు. సౌండ్ కోసం యాంప్లిఫైయర్‌ని స్ప్లిటర్ కంటే ముందు పెట్టండి. బాక్సు, తర్వాత యాంప్లిఫైయర్, అక్కడి నుంచి టీవీలు. రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్‌లు ఉన్న యాంప్లిఫైయర్లు దొరుకుతాయి, అప్పుడు వేరే స్ప్లిటరే అక్కర్లేదు.

మూడు. సినిమా టీవీలోని యాప్‌లోనే చూస్తే సౌండ్ టీవీ నుంచి వెనక్కి యాంప్లిఫైయర్‌కి రావాలి. దానికోసం 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో ఏఆర్‌సీ వచ్చింది, 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో ఈఏఆర్‌సీ వచ్చింది. రెండు అవుట్‌పుట్‌లు ఉన్న యాంప్లిఫైయర్లలో కూడా చాలావాటికి ఈ సౌకర్యం ఒక్క అవుట్‌పుట్‌కే ఉంటుంది. రెండో టీవీకి ఆప్టికల్ వైరు వాడండి. 1983లో తోషిబా సీడీ ప్లేయర్ల కోసం తెచ్చిన వైరు అది, ఇవాళ్టికీ పనిచేస్తోంది. కారణం తెలుసుగా? అది పాత కాలవే, కాకపోతే నీళ్ల బదులు వెలుతురు. ఒకవైపే వెళ్తుంది, ఎవరినీ ఏమీ అడగదు. 5.1 దాకా వస్తుంది, ఆ పైన ఆశించకండి.

నాలుగు. రెండు గదుల్లో వేర్వేరు ప్రోగ్రామ్‌లు చూస్తారంటే స్ప్లిటర్ జోలికే వెళ్లకండి. రెండో టీవీకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకోండి. పది, పదిహేను మీటర్ల పొడవు హెచ్‌డీఎంఐ లాగాలంటే మామూలు రాగి వైరు 4కేని మోయలేదు, ఫైబర్ హెచ్‌డీఎంఐ వైరు అడగండి.

చివరిగా మీ చేతిలో ఉన్న ఫోన్ గురించి. ఓటీటీ యాప్‌లో సినిమా ఆడుతుండగా స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా వస్తుంది కదా? ఫోన్ పాడైందనుకోకండి. మ్యాక్రోవిజన్‌తో మొదలైన తాళాల వంశంలో ఇవాళ్టి మనవడు అది. సినిమా తీసినవాడికి డబ్బు రావాలి, అందులో వాదన లేదు. డబ్బు కట్టి కొన్నవాడు తన ఇంట్లో తన రెండు తెరల మీద హాయిగా చూసుకోగలగాలి, అందులోనూ వాదన ఉండకూడదు. 1984లో తొమ్మిది మంది జడ్జీలు ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో కూర్చుని వాదించుకుని తేల్చారు. ఆ తర్వాత వచ్చిన తాళాల గీతలు ఎక్కువగా కంపెనీల మీటింగుల్లోనే గీశారు, మనకి డబ్బా మీద స్టిక్కర్‌గా కనిపించాయి. అందుకే ఈసారి టీవీ కొనడానికి షాపుకి వెళ్తే, ఎన్ని అంగుళాలు అని అడిగాక ఆ స్టిక్కర్ కూడా ఒకసారి చదవండి.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. ఇంట్లో రెండో టీవీ పెట్టే ఆలోచనలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే, స్ప్లిటర్ ఆర్డర్ చేయకముందే ఈ ఎపిసోడ్ పంపించండి. ఉంటాను మరి.